నాలుగు నెలల బాబుకి గ్లకోమా అట, రెండు కళ్ళకీ ఆపరేషన్ అంటున్నారు. ఏడాది ఆగొచ్చా?

పల్నాడు_నాన్న
మా బాబుకి నాలుగో నెల. పుట్టిన నెలలోపే కళ్ళు కారడం మొదలైంది. వెలుతురులోకి తీసుకెళ్తే చాలు, మొహం నా భుజంలో దాచేసుకుంటాడు. దగ్గర్లో పిల్లల డాక్టర్‌కి చూపిస్తే కన్నీటి గొట్టం మూసుకుంది, ముక్కు పక్కన మర్దన చెయ్యండి, ఏడాదిలో అదే తెరుచుకుంటుంది అన్నారు. రోజూ చేశాం. ఈలోగా నల్లగుడ్డు మీద నీలంగా పొగ కమ్మింది. మొన్న విజయవాడలో పెద్ద కంటాసుపత్రికి తీసుకెళ్తే మత్తిచ్చి పరీక్ష చేశారు. ప్రెషర్ కుడి కంట్లో 28, ఎడమ కంట్లో 32. నల్లగుడ్డు అడ్డకొలత 13 మి.మీ. పుట్టుకతో వచ్చిన గ్లకోమా, వచ్చే వారమే రెండు కళ్ళకీ ఆపరేషన్ అన్నారు.

ఇంట్లో రెండు పార్టీలు. మా అమ్మ, మా అత్తగారు జీవితంలో మొదటిసారి ఒకే పార్టీలో చేరారు. పసిగుడ్డుకి మత్తేంట్రా, ఏడాది నిండనీ, అప్పటిదాకా చుక్కలు వేద్దాం అంటున్నారు. మా ఆవిడ రేపే చేయించేద్దాం అంటోంది. నేను మధ్యలో. చుక్కలతో ఏడాది లాగొచ్చా? రెండు కళ్ళూ ఒకేసారి ఎందుకు? చేయించిన వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

సిరి_వాళ్ళమ్మ
అస్సలు ఆగకు అన్నా. మా బిడ్డకు మూడో నెలల చేసిన్రు. ఇప్పుడు ఆరో తరగతి చదువుతుంది, అద్దాలు పెట్టుకుని ముందు బెంచీల కూసుంటది. మాది వరంగల్. మా వాడకట్టులనే ఇంకో పిలగాడు ఉండె, గిదే జబ్బు. వాళ్ళ ఇంట్ల "ఏడాది నిండనీ" అన్నరు. ఇప్పుడు ఆ పిలగానికి ఒక కన్ను వెలుతురు తెలుస్తది, అంతే. భయపెట్టనీకి చెప్తలేను. ఉన్నది చెప్తున్న.

చౌరస్తా_చంద్రం
అత్తగారూ అమ్మా ఒక మాట మీద ఉన్నారంటే అది చరిత్ర. కానీ ఈ ఒక్కసారికి ఆ కూటమిని ఓడించక తప్పదు.

గోదారి_గట్టు
కళ్ళు కారితే గ్లకోమా అంటే ఊళ్ళో సగం మంది పిల్లలకి గ్లకోమానే. మా రెండోవాడికీ ఇలాగే కారేవి, మర్దనతో పోయాయి. రెండో అభిప్రాయం తీసుకోకుండా కోయించేయడమేనా?

ఆప్టో_రవళి
@గోదారి_గట్టు గారూ, ఆయన తీసుకున్నదే రెండో అభిప్రాయం.

నేను కంటి ఆసుపత్రిలో చూపు పరీక్షించే ఆప్టోమెట్రిస్ట్‌ని. డాక్టర్‌ని కాను, కానీ ఇలాంటి పిల్లలు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. గొట్టం మూసుకున్న పిల్లాడికి కళ్ళు కారతాయి, పుసి కడుతుంది, అంతవరకే. వాడు వెలుతురుకి భయపడడు. కళ్ళు గట్టిగా బిగించుకోడు. నల్లగుడ్డు పెద్దదవదు, మబ్బుపట్టదు. ఈ బాబుకి ఇవన్నీ ఉన్నాయి. పుట్టినప్పుడు నల్లగుడ్డు అడ్డకొలత పదికి అటూ ఇటూగా ఉంటుంది. ఏడాదిలోపు 12 దాటితేనే మేం అనుమానిస్తాం. ఇక్కడ 13 ఉంది. దానికి తోడు ప్రెషర్ 32. పసిపిల్లల్లో అది పెద్దవాళ్ళకంటే తక్కువే ఉండాలి.

ఈ గ్లకోమాలో జరిగేది ఇదీ. కంటి లోపల ఎప్పుడూ ఒక నీరు ఊరుతూ ఉంటుంది (కన్నీరు వేరు, ఇది వేరు). నల్లగుడ్డూ దాని వెనకుండే రంగు పొరా కలిసే మూలలో సన్నటి జల్లెడ ఉంటుంది. నీరు దానిగుండా ష్లెమ్ కాలువ అనే సన్నటి కాలువలోకి వెళ్ళి రక్తంలో కలుస్తుంది. ఈ పిల్లల్లో ఆ మూల గర్భంలోనే సరిగ్గా తయారవదు. నీరు పోయే దారి లేక ఒత్తిడి పెరుగుతుంది. పెద్దవాళ్ళ కన్ను గట్టిది, సాగదు. దాదాపు మూడేళ్ళ లోపు పిల్లల కన్ను సాగుతుంది. అందుకే నల్లగుడ్డు పెద్దదవుతుంది. సాగి సాగి కార్నియా (నల్లగుడ్డు ముందుండే అద్దంలాంటి తేట భాగం) లోపలి పొర చిట్లుతుంది, ఆ చీలికలోంచి నీరు కార్నియాలోకి దిగుతుంది. మీరు చూసిన నీలం పొగ అదే. ఇదంతా పైకి కనపడేది. వెనక కంటినరం నలగడం పైకి కనపడదు.

చుక్కల సంగతి: అవి చాలావరకు నీరు ఊరడాన్ని తగ్గిస్తాయి, మూసుకున్న దారిని తెరవలేవు. పెద్దవాళ్ళకి మందు ముందు, కత్తి తర్వాత. ఈ పిల్లలకి ఆపరేషనే మొదటి వైద్యం. ఆపరేషన్ రోజు దాకా ప్రెషర్ కాస్త దించడానికీ, కార్నియా కొంచెం తేటపడడానికీ చుక్కలిస్తారు, అంతే. ఏడాది లాగడానికి కాదు.

ఒక ముఖ్యమైన మాట. ఇంట్లో తాతగారు వాడే గ్లకోమా చుక్కలు ఉన్నాయి కదా అని పొరపాటున కూడా వేయకండి. వాటిలో బ్రిమోనిడిన్ ఉంటే రెండేళ్ళలోపు పిల్లలకి ప్రమాదం. మగతలోకి జారిపోతారు, ఊపిరి ఆగిన సందర్భాలున్నాయి. టిమోలాల్ కూడా ఆయాసం ఉన్న పిల్లలకి పడదు.

పల్నాడు_నాన్న
రవళి గారూ, మా నాన్న గ్లకోమా చుక్కలే వేసుకుంటారు. ఇది చదివి మా ఆవిడ ఆ సీసా బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇప్పుడు మా నాన్న తాళంచెవి కోసం తిరుగుతున్నారు.

చౌరస్తా_చంద్రం
ఆయనకి మాత్రం టైముకి ఇచ్చెయ్యండి బాబూ.

వేపచెట్టు
తల్లిపాలు రెండు చుక్కలు కంట్లో పిండితే పొర కరిగిపోతుంది. మా నాయనమ్మ కాలం నుంచి చేస్తున్నాం. తేనె కూడా మంచిదే. ఆసుపత్రుల వాళ్ళకి కోత తప్ప ఇంకోటి తెలీదు.

సిరి_వాళ్ళమ్మ
మా అత్తమ్మ గూడ గదే జెప్పింది. కారుతున్న కంట్ల పాలు పోస్తే చీము పడ్తది. గా తేనె రొట్టె మీద పోసుకుని తినుండ్రి.

నిర్వాహకుడు
కంట్లో పాలు, తేనె, ఆకు పసర్ల గురించి ఈ చర్చలో ఇక పోస్టులు వద్దు. పై పోస్టుని తీసెయ్యడం లేదు, కింద జవాబుతో కలిపి చదువుకుంటారని.

డాలస్_ప్రవీణ్
మా పాపకి ఇక్కడ డాలస్‌లో చేశారు. కాలువలోకి చివర దీపం వెలిగే సన్నటి తీగలాంటి క్యాథెటర్ పంపి 360 డిగ్రీలూ చుట్టి, ఒక్క లాగుతో మొత్తం తెరిచారు. కన్ను పైన రంధ్రం లేదు, బుడగ లేదు. ఇండియాలో ఇంకా ట్రాబెక్యులెక్టమీ కలిపి చేస్తున్నారని విన్నాను. అది పాత పద్ధతి కదా? పల్నాడు గారూ, ఏ ఆపరేషన్ చేస్తున్నారో అడిగారా?

పల్నాడు_నాన్న
కాగితం మీద "ట్రాబెక్యులాటమీ + ట్రాబెక్యులెక్టమీ" అని రాశారు. రెండూ ఒకేలా ఉన్నాయి, రెండుసార్లు రాశారేమో అనుకున్నా.

ఆప్టో_రవళి
రెండూ వేరే. ఓపిగ్గా రాస్తాను, ప్రవీణ్ గారికి జవాబు కూడా ఇందులోనే ఉంది.

గోనియాటమీ: నల్లగుడ్డు పక్కనుంచి సన్నటి కత్తి లోపలికి పంపి, ఎదురుగా ఉన్న మూలలోని అడ్డు కణజాలాన్ని లోపలి నుంచే గీస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒట్టో బార్కన్ 1930ల చివర్లో, 40ల్లో దీన్ని గాడిలో పెట్టాడు. అప్పటిదాకా ఈ పిల్లల్లో ఎక్కువమంది గుడ్డివాళ్ళే అయ్యేవారు. దీనికి ఒక షరతుంది. డాక్టర్‌కి ఆ మూల కనపడాలి. కార్నియా మబ్బుగా ఉంటే కనపడదు.

ట్రాబెక్యులాటమీ: బయటనుంచి. తెల్లగుడ్డులో చిన్న తలుపులా కోసి, ష్లెమ్ కాలువని వెతికి పట్టుకుని, సన్నటి వంపు కడ్డీని అందులోకి దూర్చి లోపలికి తిప్పుతారు. అడ్డుగోడ చిరిగి నీటికి దారి వస్తుంది. కార్నియా మబ్బుగా ఉన్నా చేయొచ్చు. 1960లో అమెరికాలో బురియన్, బ్రిటన్‌లో స్మిత్ విడివిడిగా దీన్ని తెచ్చారు. ప్రవీణ్ గారి పాపకి చేసింది దీని తమ్ముడే. దారంతో 360 డిగ్రీలు తెరవడం 1995 నుంచి ఉంది, దీపం క్యాథెటర్ ఆ తర్వాత వచ్చింది.

ట్రాబెక్యులెక్టమీ: మూసుకున్న దారిని వదిలేసి కొత్త దారి చేయడం. అదే తలుపు కింద చిన్న ముక్క తీసేస్తే నీరు పైరెప్ప కింద పొర లోపలికి చేరి మెల్లగా ఇంకిపోతుంది. అక్కడ చిన్న ఉబ్బు వస్తుంది, బ్లెబ్ అంటాం.

మన దగ్గర ఈ రెండూ ఒకే చోట, ఒకేసారి ఎందుకు చేస్తారంటే, పిల్లలు వచ్చేసరికి కార్నియా పాలరంగుకి తిరిగి, కాలువ సాగి నలిగి ఉంటుంది. కడ్డీకి కాలువ దొరక్కపోయినా రెండో దారి ఉంటుంది. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ అనిల్ కుమార్ మండల్ ఇలాంటి పిల్లలకి ఈ జంట ఆపరేషన్నే మొదటి ఆపరేషన్‌గా చేసి ఏళ్ళ తరబడి ఫలితాలు ప్రచురించారు. గ్లకోమాలో చేసిన పనికి ఆయనకి 2003లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది. కాబట్టి ప్రవీణ్ గారూ, ఇది పాతదనం వల్ల చేస్తున్నది కాదు, ఇక్కడికొచ్చే కళ్ళని బట్టి చేస్తున్నది. 360 ఇక్కడా చేస్తున్నారు, దానికి కుదిరే కంటికి.

డాలస్_ప్రవీణ్
సరే, ఒప్పుకుంటున్నా. కానీ బ్లెబ్ అనేది జీవితాంతం ఇన్ఫెక్షన్ భయం కదా. కుదిరితే అది లేకుండా చేయించుకోవడం మంచిదనే నా మాట. డాక్టర్‌ని అడగడంలో తప్పులేదు.

ఆప్టో_రవళి
అడగడంలో తప్పే లేదు, అడగాలి. బ్లెబ్ గురించి మీ మాట నిజం.

గోదారి_గట్టు
సరే నేను వెనక్కి తగ్గాను. ఇంతకీ ఈ జబ్బు మన పిల్లలకెందుకొస్తోంది? నీళ్ళా, తిండా?

ఆప్టో_రవళి
నీళ్ళూ కాదు తిండీ కాదు. చాలామందిలో సివైపీ1బీ1 అనే జన్యువులో లోపం. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు చెడ్డ కాపీలూ కలిస్తేనే జబ్బు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన సర్వేలో 3,300 జననాలకి ఒకరి చొప్పున లెక్క తేలింది. పాశ్చాత్య దేశాల్లో అది పదివేలకి ఒకరికి అటూ ఇటూ. మేనరికాలు ఎక్కువ ఉన్నచోట ఇది ఎక్కువ.

గోదారి_గట్టు
ఇదిగో మళ్ళీ మేనరికం మీద పడ్డారు. నేను మా మావయ్య కూతుర్నే చేసుకున్నాను. ఇద్దరు పిల్లలు, నాలుగు కళ్ళూ భేషుగ్గా ఉన్నాయి. మా తాతదీ మేనరికమే. ఊరికే సంప్రదాయాన్ని తిట్టడం ఫ్యాషనైపోయింది.

పల్నాడు_నాన్న
మాదీ మేనరికమే. మా అత్తగారు మా అమ్మకి సొంత వదిన. ఈ మాట డాక్టర్ అడిగినప్పటినుంచి ఇంట్లో వేరే గొడవ మొదలైంది, లోపం ఎవరి వైపు నుంచి వచ్చిందని.

మత్తుడాక్టర్
రెండు వైపులనుంచీ వస్తేనే వస్తుంది. కాబట్టి ఆ గొడవ ఇవాళే ముగించండి. గోదారి గారూ, మీరిద్దరూ ఆ లోపాన్ని మోస్తూ ఉండకపోతే మీ పిల్లలకి రాదు. ఇద్దరూ మోస్తూ ఉన్నా ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతే అవకాశం. మీ నాలుగు కళ్ళు బాగుండడం సంతోషమే, దాంతో ఏదీ రుజువు కాదు. బయటి సంబంధాల్లోనూ ఇది వస్తుంది. దగ్గర రక్తంలో ఇద్దరూ ఒకే లోపాన్ని మోసే అవకాశం పెరుగుతుంది, అంతే.

పల్నాడు గారికి, నా వృత్తి ప్రకారం మత్తు గురించి. మీ అమ్మగారి భయం అర్థంలేనిది కాదు. పసిపిల్లల మత్తులో జాగ్రత్త ఎక్కువ కావాలి, అందుకే పిల్లల మత్తు అలవాటున్న చోటే చేయించమంటాం. రెండు కళ్ళూ ఒకేసారి చేయడానికి ఒక కారణం ఇదే, రెండోసారి మత్తు తప్పుతుంది. చేసేటప్పుడు ఒక కన్ను పూర్తయ్యాక పనిముట్లు, గ్లవ్స్, గుడ్డలు అన్నీ మార్చి, కొత్త ఆపరేషన్ లెక్కనే రెండో కన్ను మొదలెడతారు.

మీరు చేయాల్సినవి: తల్లిపాలు నాలుగు గంటల ముందు ఆపాలి, డబ్బాపాలైతే ఆరు గంటలు. వాళ్ళు చెప్పిన టైము తు.చ. తప్పకండి. "ఏడుస్తున్నాడని రెండు గుక్కలు పట్టాం" అని ఆపరేషన్ గది తలుపు దగ్గర చెప్పే నాయనమ్మలు నాకు బాగా తెలుసు. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే దాచకుండా ముందే ఫోన్ చేయండి. కాస్త తగ్గాక పెట్టుకుంటారు.

సిరి_వాళ్ళమ్మ
మా అత్తమ్మనైతే లోపల్కి రానియ్యలే, గేటు కాడనే కూసోబెట్టిన.

పైసల గురించి ఎవరూ అడగలే గాని చెప్తున్న. ఎల్.వి. ప్రసాద్‌ల కట్టలేనోళ్ళకు ఉత్తగనే చేస్తరు, డాక్టర్లు వాళ్ళే, చూసే తీరు గూడ అదే. హైదరాబాద్‌ల మెహదీపట్నం కాడ సరోజినీ దేవి సర్కారు దవాఖాన ఉన్నది. మీకు విజయవాడ దగ్గర గదా, ఎల్.వి. ప్రసాద్ వాళ్ళది అక్కడ తాడిగడపల గూడ ఉన్నది. ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకపోయి కౌంటర్ల అడుగుండ్రి.

మదనపల్లె_వాసు
చిన్నపిల్లోళ్ళ గురించే మాట్లాడుకుంటాండారు, మా వయసోళ్ళది కూడా చెప్తా. నాకు పందొమ్మిది. చిన్నప్పట్నుంచీ ఎండాకాలం వస్తే కండ్లు దురద, ఎర్రగా అయ్యేవి, తీగలు తీగలుగా పుసి. అలర్జీ అన్న్యారు. ఒకసారి డాక్టరు రాసిచ్చిన చుక్కలు వేస్తే గంటలో హాయి. అప్పట్నుంచీ ప్రతి ఎండాకాలం మెడికల్ షాపులో ఖాళీ సీసా చూపిస్తే ఇచ్చేటోళ్ళు, చీటీ అడిగింది లేదు. అందులో ఉండేది స్టెరాయిడ్. ఇంటర్ రెండో సంవత్సరంలో బస్సు బోర్డు పక్కకి తిరిగి చూస్తే గానీ కనిపించల్యా. పరీక్షకి పోతే ప్రెషర్ నలభై దాటింది. నొప్పి లేదు, ఏమీ లేదు. పెద్దపిల్లోళ్ళకి కన్ను సాగదు కదా, బయటికి తెలీదు.

స్టెరాయిడ్ ఆపితే కొందరికి దిగుతుందంట. నాకు దిగల్యా. ట్రాబెక్యులెక్టమీ చేశారు, మైటోమైసిన్ అనే మందు పెట్టి. మా వయసులో గాయం తొందరగా మానిపోతుంది, మానితే ఆ దారి మూసుకుపోతుంది, అందుకని ఆ మందు అన్న్యారు. ఇప్పుడు ప్రెషర్ 13. పోయిన చూపు మాత్రం రాల్యా, పక్క చూపు అట్లే చీకటి.

ఇప్పుడు బాయిలో ఈతకి పోను. లెన్సులు పెట్టుకోను. క్రికెట్ ఆడతా గానీ కండ్లకి గార్డు అద్దాలు పెట్టుకొని ఆడతా, మావోళ్ళు వెల్డింగ్ వాసూ అని పిలుస్తారు. కన్ను ఎర్రబడినా, పుసి కట్టినా, నొప్పి వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి పోవాల. రేపు చూద్దాం అనుకునేది లేదు.

చౌరస్తా_చంద్రం
వెల్డింగ్ వాసూ, పేరు బాగుంది గానీ నీ పోస్టు చదివి మా ఇంట్లో డబ్బా వెతికాను. మా అమ్మాయి చుక్కల సీసా మీద "డెక్సామెథసోన్" అని ఉంది. ఇదీ అదేనా?

ఆప్టో_రవళి
అదే. చీటీ లేకుండా అమ్మకూడని మందు. ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్, ఫ్లోరోమెథలోన్ ఇవన్నీ ఆ జాతే. యాంటీబయోటిక్‌తో కలిపిన సీసాల్లోనూ ఉంటాయి, పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. అమ్మాయికి ఎన్నాళ్ళుగా వేస్తున్నారో ఆ సంగతి డాక్టర్‌కి చెప్పి ప్రెషర్ చూపించండి. ఆపరేషన్ల తర్వాత ఇవే చుక్కలు అవసరమై ఇస్తారు, కాబట్టి మందు చెడ్డది కాదు, దుకాణం నుంచి తెచ్చుకుని నెలల తరబడి వేయడం చెడ్డది.

లక్ష్మి_ఒంగోలు
వేరే చర్చ పెట్టాలేమో తెలీదు, ఇక్కడే అడుగుతున్నా. మా బాబుకి పుట్టుకతో శుక్లాలు, రెండో నెలలో తీసేశారు. ఇప్పుడు ఆరేళ్ళు. ఈ మధ్య ప్రెషర్ పెరిగింది, చుక్కలు మూడు రకాలు వేసినా దిగడం లేదు. ట్యూబ్ పెడతామంటున్నారు. కంట్లో ట్యూబ్ ఏంటండీ, బయటికి కనపడుతుందా?

ఆప్టో_రవళి
పసితనంలో శుక్లాలు తీసిన పిల్లల్లో ఏళ్ళ తర్వాత కూడా గ్లకోమా రావచ్చు, అందుకే వాళ్ళని ఎప్పటికీ చూస్తూ ఉండమంటాం. మీ డాక్టర్ పట్టుకున్నారు, మంచిదే.

ట్యూబ్ అంటే మిల్లీమీటరు కూడా లావుండని మెత్తటి సిలికాన్ గొట్టం. ఒక కొస కంటి లోపల, ఇంకో కొస పైరెప్ప వెనక, తెల్లగుడ్డు మీద కుట్టిన చిన్న పళ్ళేనికి. నీరు ఆ పళ్ళెం చుట్టూ చేరి ఇంకుతుంది. బయటికి కనపడదు, పైరెప్ప ఎత్తి చూస్తే తప్ప. రెండు రకాలు ఎక్కువ వాడతారు. అహ్మద్ వాల్వ్‌లో నీరు మరీ ఎక్కువ పోకుండా ఆపే కవాటం ఉంటుంది, పెట్టిన రోజునుంచే పని చేస్తుంది. మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ళ కంపెనీ ఆరోల్యాబ్ 2013లో తెచ్చిన ఆడి అనే రకం విదేశీ వాటికన్నా చాలా చవక. దానికి కవాటం లేదు, పళ్ళెం పెద్దది. అందుకని గొట్టాన్ని కరిగిపోయే దారంతో కట్టి వదులుతారు. అయిదారు వారాలకి దారం కరిగాక నీరు పారుతుంది. ఆ దారం వదిలే వారంలో ప్రెషర్ ఒక్కసారిగా పడిపోవచ్చు కాబట్టి రమ్మన్న రోజుకి కచ్చితంగా వెళ్ళండి.

లక్ష్మి_ఒంగోలు
మాది ఆడినే అన్నారు. అయిదో వారంలో మా మరిది పెళ్ళి ఉంది, ఆపరేషన్ దాని తర్వాత పెట్టుకోమంటారా?

మత్తుడాక్టర్
మూడు చుక్కలతో కూడా దిగని ప్రెషర్‌ని పెళ్ళి కోసం ఆపడం నేనైతే వద్దంటాను. పెళ్ళి మధ్యలో ఒక పూట ఆసుపత్రికి వెళ్ళి రండి. మరిది ఏమనుకోడు.

గోదారి_గట్టు
మా అన్నయ్య మనవరాలికి పుట్టుకతో నుదురు నుంచి పైరెప్ప దాకా ఎర్రమచ్చ ఉంది. అదృష్టం మచ్చ అనుకుంటున్నాం. కన్ను కారడం ఏమీ లేదు. చూపించాలా?

ఆప్టో_రవళి
తప్పకుండా చూపించండి, ఇవాళ్టికి ఏమీ లేకపోయినా. పైరెప్ప మీదకి వచ్చే ఎర్రమచ్చ ఉన్న పిల్లల్లో ఆ వైపు కంట్లో గ్లకోమా రావచ్చు. కొందరికి మెదడు సంగతి కూడా ఉంటుంది, ఫిట్స్ వస్తాయి. పిల్లల డాక్టర్‌కి కూడా చెప్పండి.

గోదారి_గట్టు
రేపే పంపిస్తా. నిన్న ఎగిరాను గానీ మీరు రాసేవి పనికొచ్చేవే.

పల్నాడు_నాన్న
ఆపరేషన్ అయింది. రెండు కళ్ళూ ఒకే రోజు. మొదటి వారం కుడికంట్లో ఎర్రగా రక్తం కనపడి ప్రాణం పోయింది, కాలువ చీల్చినప్పుడు కొద్దిగా రావడం మామూలే, అదే ఇంకిపోతుంది అన్నారు, అలాగే ఇంకిపోయింది. నెల తర్వాత మళ్ళీ మత్తిచ్చి చూశారు. కుడి 12, ఎడమ 15. కుడికన్ను చాలా తేటపడింది. ఎడమదానిలో అడ్డంగా గీతలు ఉన్నాయి, అవి పోవట. ఇప్పుడు వెలుతురులో కళ్ళు తెరుస్తున్నాడు. ఫ్యాన్ వైపు చూసి నవ్వుతున్నాడు, మా వైపు కన్నా ఫ్యాన్ వైపే ఎక్కువ.

వచ్చే తిరుపతి ప్రయాణం వాయిదా వేశాం. పుట్టువెంట్రుకలకి తల తడపాలి, నీళ్ళు కంట్లో పడతాయని వద్దన్నారు. కాటుక, సాంబ్రాణి పొగ కూడా బందు. కాటుక దగ్గర మా అత్తగారు గట్టిగా పోట్లాడారు, పెద్ద కళ్ళు కదా దిష్టి తగులుతుందని. అరికాల్లో చుక్క పెట్టేలా రాజీ కుదిరింది.

అద్దాలు కూడా రాశారు, మైనస్ ఉందట. ఆరు నెలల పిల్లాడికి అద్దాలా అని ఊరంతా చూడ్డానికి వస్తున్నారు. ఇవి నిజంగా అవసరమా? ఇక ప్రెషర్ మామూలే కదా, మళ్ళీ మళ్ళీ వెళ్ళాలా?

పార్వతి_టీచర్
చూపు తక్కువ పిల్లలకి చదువు చెప్పే టీచర్‌ని. అద్దాలు అవసరమే. సాగిన కన్ను పొడవవుతుంది, అందుకే మైనస్. స్పష్టమైన బొమ్మ పడకపోతే ఆ కన్నుని మెదడు వాడటం మానేస్తుంది. ఎడమకంట్లో గీతలున్నాయి కాబట్టి ఆ కన్ను వెనకబడే అవకాశం ఎక్కువ. కొన్నాళ్ళకి మంచి కన్నుకి పట్టీ వేసి రెండోదానికి పని చెప్పమంటారు. ఆపరేషన్ బాగా జరిగి, పట్టీ దగ్గర బద్ధకించి చూపు పోగొట్టుకున్న పిల్లల్ని నా తరగతిలోనే చూశాను. వెనక ఎలాస్టిక్ ఉండే ప్లాస్టిక్ ఫ్రేము అడగండి, పీకి పారేయలేడు.

సిరి_వాళ్ళమ్మ
మళ్ళా మళ్ళా పోవుడు తప్పదు అన్నా. మా బిడ్డకు ఎనిమిదేండ్లు మంచిగనే ఉండె, తొమ్మిదో యేట మళ్ళ ప్రెషర్ ఎక్కింది, ఒక చుక్క మందు మొదలువెట్టిన్రు. పోకుంటే తెల్వకపోవు. ఏడాదికి ఒక్కసారన్న చూపియ్యాలె, పెద్దగైనంక గూడ.

మత్తుడాక్టర్
ఇంకో మాట. బాబుకి తమ్ముడో చెల్లెలో పుడితే పుట్టిన వారంలోనే కళ్ళు చూపించండి. కారేదాకా ఆగొద్దు. మీ వంశంలో దగ్గర సంబంధాలు చేసుకున్న మిగతావాళ్ళకీ ఈ మాట చేరవేయండి.

పల్నాడు_నాన్న
మా మరదలికి ఇప్పుడు ఏడో నెల, వాళ్ళదీ దగ్గర సంబంధమే. ఇవాళే చెప్తాను. చివరగా చిన్న సందేహం: ఆపరేషన్ తర్వాత ఇచ్చిన తెల్లటి చుక్కల సీసా ఫ్రిజ్‌లో పెట్టాలా? అడుగున మందు పేరుకుంటోంది.

ఆప్టో_రవళి
తెల్లగా పాలలా ఉంటే ప్రెడ్నిసొలోన్ అయ్యుంటుంది, సీసా మీద చూడండి. ఫ్రిజ్ అక్కర్లేదు, ఎండ తగలకుండా పెడితే చాలు. వేసే ప్రతిసారీ బాగా ఊపాలి, లేకపోతే పైన నీళ్ళే పడతాయి, మందు అడుగునే ఉండిపోతుంది. మూత తీసిన నెలకి పారేయండి. ఎన్నిసార్లు తగ్గిస్తూ ఆపాలో చీటీలో ఉంటుంది, మీ అంతట మీరు పొడిగించకండి. వాసు కథ చదివారు కదా.

మదనపల్లె_వాసు
చీటీ లేకుండా రెండో సీసా ఇస్తామంటే మాత్రం ఆ షాపుకి నన్ను పంపండి, నేను మాట్లాడతా.